మూడు రోజుల్లో రెండు దేశాలు, లింగంపల్లి మీదుగా

ఇన్‌లాండు ఉత్తరం కనిపెట్టినవాడు దాన్ని ఎలా చింపాలో కూడా కనిపెట్టి ఉంటే బాగుండేది. మూడు వైపులా జిగురు. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఆఖరి వాక్యం విడిగా చేతికొస్తుంది. రాసేవాళ్ళు కూడా తక్కువవాళ్ళు కాదు. కుశల ప్రశ్నలన్నీ నడిమధ్య భద్రంగా రాసి, అసలు సంగతి చోటు చాలక అంచు మడతలో ఇరికిస్తారు. అందువల్ల మా బంధువులంతా కులాసాగా ఉన్నారని నాకు ఎప్పుడూ తెలుసు. ఎవరు ఏ బండికి దిగుతున్నారో మాత్రం ఎప్పుడూ తెలియదు.

లింగంపల్లి నుంచి సోమయాజులుగారు రాసిన ఉత్తరం కూడా నా చేతిలో అలాగే చిరిగింది. "స్టేషన్లో దిగి" అన్నంతవరకు మిగిలింది. దిగి ఎటు వెళ్ళాలో నా బొటనవేలి కింద పోయింది. దాని ఫలితం ముందు ముందు వస్తుంది.

విదేశాలు చూసొచ్చినవాళ్ళు యాత్రలు రాస్తారు. నేను జీడిమెట్ల, లింగంపల్లి, గోపన్‌పల్లి చూసొచ్చి రాస్తున్నాను. నగరంలో ఉండేవాళ్ళు చాలామంది ఆ విదేశాలకూ వెళ్ళలేదు, ఈ మూడు ఊళ్ళకూ వెళ్ళలేదు కనుక నేను చెప్పింది నమ్మక తప్పదు.

మా ఆవిడ విమల కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. గడ్డిజాతుల మీద పరిశోధన చేసి కిందటేడు డాక్టరైంది. గడ్డి మీద డాక్టరేటు అంటే మా ఆఫీసులో ఎవరూ నవ్వకుండా వినలేదు, నాతో సహా. ఆ గడ్డినే నమ్ముకుని రెండు విశ్వవిద్యాలయాలు ఒకే వారంలో ఆమెకు ఉద్యోగం ఇస్తామని రాశాయి. ఒకటి ఇథియోపియాలో అడిస్ అబాబా, ఇంకొకటి నైజీరియాలో ఇబాదాన్. రెండూ మూడేళ్ళ ఒప్పందాలే, జీతాలూ ఇంచుమించు ఒకటే. వచ్చే బుధవారంలోగా తంతి ఇవ్వమన్నారు. తంతిలో రెండు సంగతులు ఉండాలి. వస్తున్నారా లేదా అన్నది ఒకటి. ఎంతమంది వస్తున్నారన్నది రెండోది. ఒక్కరైతే గది ఇస్తారు, ఇద్దరైతే ఇల్లు.

ఏ ఊరు అన్నదాని గురించి మా వీధంతా మాట్లాడింది. ఎంతమంది అన్నదాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే.

నాది ఎలక్ట్రిసిటీ ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగం. మీటరు మార్చమని వచ్చిన అర్జీలను ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పంపిస్తాను. సెలవు గురించి సూపరింటెండెంటు చెవిన వేస్తే ఆయన రూల్సు పుస్తకం ఆసాంతం తిప్పి, "భార్య వెంట వెళ్ళడానికని ఎక్కడా లేదయ్యా. పోనీ దీర్ఘరోగం కింద పెట్టనా?" అన్నారు. మంచి మనిషి.

ఉత్తరాలొచ్చిన రోజు విమల అడిగింది, "మీరేమంటారు?" అని.

"రెండిట్లో దోసె ఎక్కడ దొరికితే అక్కడికి," అన్నాను.

నవ్వింది. ఆ విషయం అంతటితో తేలిపోయిందనుకున్నాను.

ఆ రెండిట్లో ఏ ఊరూ చూడనివాళ్ళం కనుక, చూసినవాళ్ళను చూసి రావాలనుకున్నాం. శని, ఆది, సోమ సెలవులు కలిసొచ్చాయి.

జీడిమెట్ల

బాలానగర్ దాటాక కొంతదూరం వెళ్ళి బస్సు ఆగింది. "ఇగ దిగుండ్రి, ముందట రోడ్డు ఇంక వెయ్యలే," అన్నాడు కండక్టరు. వేస్తారన్న నమ్మకం ఆయన గొంతులో బాగా ఉంది.

జీడిమెట్లలో ముందు బోర్డులు మొలిచాయి, ఫ్యాక్టరీలు తర్వాత వస్తున్నాయి. ఒకచోట గేటు ఉంది, గోడ లేదు. ఆ గేటుకు తాళం వేసి వాచ్‌మన్ దాని పక్కనే కూర్చున్నాడు. తీయమంటే, "మేనేజర్ సాబ్ పర్మిషన్ గావాలె," అన్నాడు. గేటు పక్కనుంచి లోపలికి నడిచాం. దానికి అభ్యంతరం చెప్పలేదు.

ఆ షెడ్లలో ఒకదాంట్లో మందుల ముడిసరుకు తయారవుతుంది. అక్కడ కెమిస్టు రంగారావుగారు. అంతకుముందు మూడేళ్ళు ఇబాదాన్‌లో రసాయనశాస్త్రం చెప్పి వచ్చారు. ఒక్కరే వెళ్ళారు. భార్య కామాక్షిగారు కాకినాడలో అత్తగారి దగ్గర ఉండిపోయారు. ఇల్లు షెడ్డుకు దగ్గరే. వాకిట్లో కాలు పెట్టగానే కాఫీకి ముందు కుంకుడుకాయా కర్పూరమూ కలిపి కాల్చినట్టు ఒక వాసన ఎదురొచ్చింది. "ఇవాళ గాలి అటుందండి, అందుకే తక్కువ," అన్నారు కామాక్షిగారు.

ఇబాదాన్ ఏడు కొండల మీద పరుచుకున్న ఊరట. మేడెక్కి చూస్తే ఎంతదూరమైనా తుప్పుపట్టిన రేకు కప్పులే. ఎండ మనకు అలవాటైనదే, కారం మనదానికి ఒక మెట్టు పైన. పొద్దున పలకరింపులకే పావుగంట పడుతుంది. నిద్ర పట్టిందా, ఇంట్లోవాళ్ళు లేచారా, పని ఎలా ఉంది, నిన్నటి అలసట తీరిందా, అన్నీ అడిగాకే అసలు మాట. మనవైపు "ఏం, బావున్నారా" అని జవాబు వినకుండా వెళ్ళిపోతాం కదా, అక్కడ అలా చేస్తే కోపం వచ్చిందనుకుంటారట.

"మా వీధి చివర ఒకావిడ గారెలు వేసేదండి," అన్నారు రంగారావుగారు. "అచ్చం మన అలసంద గారెలే. రోజూ పొద్దున అవే. మొదటి రోజే అడిగింది, నీ భార్య ఎలా ఉందని. బాగుందన్నాను. రెండో రోజూ అడిగింది. రోజూ బాగుందంటే నమ్మరండి అక్కడ. మర్యాద కూడా కాదు."

"అందుకని?" అంది విమల.

"కొద్దిగా కల్పించాను."

"కొద్దిగానా?" వంటింట్లోంచి కామాక్షిగారు. "నాకు మలేరియా తెప్పించారండి. మా చెల్లెలికి పెళ్ళి చేశారు. అది ఇంకా పదో క్లాసు! నాకు గేదెను కొనిచ్చారు."

"గేదె పాలివ్వడం లేదంటే పాపం ఆవిడ చాలా బాధపడింది," అన్నారు రంగారావుగారు. "ఏదో ఆకు కూడా తెచ్చిచ్చింది, మీ ఆవిడకు పంపమని."

"ఏం ఆకండీ?" అంది విమల, నోటుబుక్కు తీసి. నేను దగ్గాను.

కామాక్షిగారు గారెల పళ్ళెం తెచ్చి పెట్టారు. మా కోసమే అలసందలు నానబోశారట. రంగారావుగారు ఒకటి కొరికి ఆలోచించారు. "బాగున్నాయి. కానీ..." అన్నారు.

"అవునండీ, ఆవిడ చేతివి వేరు," అన్నారు కామాక్షిగారు. కోపంగా కాదు. పళ్ళెం మా వైపు జరిపి విమల పక్కన కూర్చున్నారు. "నాకు పదిహేను రోజులకొక ఉత్తరం వచ్చేది. ఎండలు, జీతం, పరీక్షలు. మూడేళ్ళు రోజూ నా గురించి మాట్లాడింది ఆ గారెలావిడతో. నాకా సంగతి మొన్న సంక్షిప్తంగా చెప్పారు."

"మళ్ళీ రమ్మంటే ఒక్కరే వెళ్తారా?" అని విమల రంగారావుగారిని అడిగింది.

ఆయన భార్య వైపు చూశారు. "తినండి, చల్లారిపోతున్నాయి," అన్నారు మాతో.

తిరుగు బస్సులో విమల ఎర్రపెన్సిలుతో నోటుబుక్కులో ఏదో వేస్తోంది. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళ చెయ్యి ఊళ్ళను కూడా అలాగే దిద్దుతుందని నాకు అప్పుడు తెలిసింది. వాన, ఇల్లు, నీళ్ళు, ఒక్కోదానికి పది మార్కులు.

"ఎన్నొచ్చాయి?" అన్నాను.

"దిద్దేటప్పుడు మాట్లాడకండి," అంది.

లింగంపల్లి, పట్టాలకు తప్పు వైపు

ఆదివారం పొద్దున నాంపల్లిలో రైలెక్కి లింగంపల్లిలో దిగాం. దిగి, ఎడమవైపు అన్నాను. చదవని వాక్యం గురించి మనిషికుండే ధీమా వేరు.

ఎడమవైపు అరగంట నడిస్తే ద్రాక్షతోట వచ్చింది. పందిళ్ళ నిండా పచ్చటి పెద్ద గుత్తులు. మా కృష్ణాజిల్లా వైపు పందిరి మీద బీరకాయలే చూసినవాణ్ణి, ద్రాక్ష అలా తలమీద వేలాడుతుంటే పరాయి సొమ్ము నెత్తిన పెట్టుకున్నట్టు మెడ వంచి నడిచాను. కాపలాదారు యాదయ్య మమ్మల్ని చూడగానే మంచం వాల్చాడు.

"వచ్చిండ్రా? పొద్దటి సంది సూస్తున్న. జర కూసోండ్రి," అని గుత్తి కోసి కడిగి చేతికిచ్చాడు.

సోమయాజులుగారు మా రాక గురించి ముందే చెప్పారన్నమాట, ఎంత మర్యాద, అనుకుని తిన్నాం. ఇంకో గుత్తి ఇచ్చాడు. అదీ తిన్నాం. నాంపల్లి స్టేషను బయట కిలో రెండున్నర రూపాయలు చెబుతున్నారు, అదీ నలిగినవి. యాదయ్య తోటంతా తిప్పి చూపించి, "సూసిండ్రు గదా. ఇగ చెప్పుండ్రి, ఎంతకు పట్టుకుంటరు?" అన్నాడు.

"ఏది?" అన్నాను.

"తోట."

ఇలాంటప్పుడు బేరం తెలిసినవాడిలా నిశ్శబ్దంగా ఉండటం మేలని నిశ్శబ్దంగా ఉన్నాను. విమల ఉండలేకపోయింది. "మేం సోమయాజులుగారింటికి వచ్చామండీ. ఆఫ్రికాలో పనిచేసొచ్చారు..."

"గా ఆఫ్రికా సారా? ఆయన తోట పట్టాల కాడికెళ్ళి గా దిక్కు. ఏందమ్మా, గంటసేపు తిన్నంక చెప్తవా?"

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పైగా ఇంకో గుత్తి కాగితంలో చుట్టి విమల చేతిలో పెట్టాడు. "పరేషాన్ గాకుండ్రి. గిట్లనే మొన్న ఒకాయన పెండ్లిసంబంధం సూడనీకి వచ్చి తిని పోయిండు."

లింగంపల్లి, సరైన వైపు

సోమయాజులుగారు అడిస్ అబాబాలో నాలుగేళ్ళు లెక్కలు చెప్పారు. భార్య మహాలక్ష్మమ్మగారు వెంట వెళ్ళారు. ఇప్పుడు నాలుగెకరాల ద్రాక్షతోట, రెండు గదుల ఇల్లు. ముందుగదిలో రెండు గోడ గడియారాలు ఉన్నాయి. మేం వెళ్ళేసరికి ఒకదాంట్లో పదకొండయింది, ఇంకోదాంట్లో ఐదు.

"అది అడిస్ లెక్కలో మన టైమండి," అన్నారాయన. "అక్కడ పొద్దు పొడిచాక లెక్క మొదలు. మన ఏడు వాళ్ళకు ఒంటిగంట. నాకు అదే న్యాయంగా అనిపిస్తుంది. అర్ధరాత్రి అందరూ నిద్రపోతుంటే రోజు మార్చడమేమిటి?"

ఏడాదికి పదమూడు నెలలట. పదమూడో నెలకు ఐదే రోజులు. ఊరు ఎనిమిదివేల అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఎప్పుడూ చలి, చుట్టూ యూకలిప్టస్ చెట్లు, సాయంత్రం ఆ ఆకుల పొగ. అన్నం ఒక పట్టాన ఉడకదు. "మొదటి ఏడాది ఆ అన్నం గిన్నె ముందు కూర్చుని ఏడ్చానమ్మా," అన్నారు మహాలక్ష్మమ్మగారు. "రెండో ఏడాది మానేసి వాళ్ళ అట్టు నేర్చుకున్నాను. పిండి మూడ్రోజులు పులియబెడతారు. మనం పులిసిపోయిందని పారబోసేచోట వాళ్ళు మొదలుపెడతారు. ఇంత సన్నటి గింజ."

"అది గడ్డిగింజేనండీ!" అంది విమల. ముఖం వెలిగిపోయింది. అడిస్ అబాబాకు అప్పుడే నాలుగైదు మార్కులు పెరిగి ఉంటాయి.

"ఒకే పళ్ళెంలో అందరూ తింటారు. మీ మాస్టారూ నేనూ కూడా. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు మొదటిసారి ఒక పళ్ళెంలో తిన్నాం. ఇక్కడికొచ్చాక మళ్ళీ పళ్ళేలు వేరయ్యాయనుకో."

మాస్టారు గడియారం వైపు చూశారు. ఏ గడియారం వైపో నేను గమనించలేదు.

"మాస్టారు కాలేజీకి వెళ్ళాక మీరు రోజంతా ఏం చేసేవారండీ?" అని విమల అడిగింది. జీడిమెట్లలోనూ ఇలాంటిదే అడిగింది. నీళ్ళ గురించి, ఇంటి గురించి అడుగుతూ అడుగుతూ మధ్యలో ఒకటి ఇలా వేస్తుంది.

"పక్కింటావిడ కాఫీకి పిలిచేది. ఎదురుగా కూర్చోబెట్టి గింజలు వేయించి, దంచి, కాచి, మూడుసార్లు పోస్తుంది. మూడో కప్పు తాగేదాకా లేవకూడదు. నాకు ఆవిడ మాట రాదు, ఆవిడకు నా మాట రాదు."

"మరి ఏం మాట్లాడుకునేవారు?"

"ఆవిడ వాళ్ళాయన గురించి చెప్పేదనుకుంటాను. నేను మీ మాస్టారి గురించి చెప్పేదాన్ని. ఇద్దరం తలూపుకునేవాళ్ళం."

మాకూ మూడుసార్లు పోశారు. మా వైపు రెండోసారి కాఫీ పోస్తున్నారంటే ఇక లేవమని అర్థం. లేవబోయి రెండుసార్లు కూర్చున్నాను.

సోమయాజులుగారు నన్నడిగారు, "విమలగారికి పని ఉంది. అక్కడ మీరేం చేస్తారండీ?"

"అన్నం ఉడికేదాకా కాపలా ఉంటాను," అన్నాను.

మాస్టారు పడీపడీ నవ్వారు. మహాలక్ష్మమ్మగారూ నవ్వారు. విమల కప్పు అడుగున ఉన్న మడ్డి చూస్తోంది.

పక్కింటావిడ చిరునామా ఇస్తానన్నారు మహాలక్ష్మమ్మగారు. "ఏమండీ, నా సంచిలో నోటుబుక్కుంది, రాసుకోండి," అని విమల ఆవిడ వెంట లోపలికి వెళ్ళింది. ఖాళీ పేజీ కోసం తిప్పుతుంటే మార్కుల పేజీ వచ్చింది.

రెండు నిలువు గళ్ళు, అడిస్ అబాబా, ఇబాదాన్. ఐదు ప్రశ్నలు, వాన, ఇల్లు, నీళ్ళు, తిండి, ప్రయోగశాల, తలా పది. యాభైకి అడిస్ అబాబా ముప్ఫైనాలుగు. ఇబాదాన్ ముప్ఫైరెండు ప్లస్ రెండు, ఆ రెండు ఎర్రపెన్సిలుతో. కాలేజీలో పాపం ఫెయిలయ్యే పిల్లలకు వేసే దయ మార్కులు. ఊళ్ళు రెంటినీ ఆమె జాగ్రత్తగా సమానం చేసింది.

కింద ఆరో ప్రశ్న ఉంది. దానికి ఒక్కదానికే యాభై మార్కులు. ప్రశ్న ఉండాల్సినచోట "ఆయన" అని ఉంది. రెండు గళ్ళూ ఖాళీ.

నేను ఖాళీ పేజీ వెతుక్కుని, మహాలక్ష్మమ్మగారు లోపలినుంచి చెబుతుంటే, చిరునామా రాశాను. స్పెల్లింగు రెండుసార్లు అడిగాను.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాం.

గోపన్‌పల్లి

సోమవారం పొద్దున గోపన్‌పల్లికి నడిచాం. అక్కడ ఆఫ్రికా చూసినవాళ్ళెవరూ లేరు. విమల మూడేళ్ళు పరిశోధన చేసిన గడ్డినేల ఉంది. ఆ మూడేళ్ళూ ఆమె వెంట తిరిగి మొక్కలు మోసిన బాలమ్మ ఉంది. గింజపట్టిన గడ్డి ఒకటి ఇంకా సేకరించాలని, బాలమ్మకు చెప్పి రావాలని విమల అంది.

దారంతా బండరాళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి, పని మధ్యలో భోజనానికి వెళ్ళినట్టున్నాయి. మనుషులు లేరు. ఇంత చోటు ఇలా వృథాగా పడి ఉందేమిటి అనిపించింది కానీ, ఇక్కడ ఎవరొచ్చి ఏం చేస్తారు అని కూడా అనిపించింది.

సగం దూరం వచ్చాక గొంతు సవరించుకున్నాను. "విమలా."

"ఊ?"

నిజానికి నా దగ్గర మాట సిద్ధంగానే ఉంది. సూపరింటెండెంటు నవ్వుతారని కాదు, ఉద్యోగం పోతుందనీ కాదు. మేం వెళ్ళినచోట ఆమె పొద్దున్నే కాలేజీకి వెళ్తుంది. నేను ఎవరి ఎదురుగా మూడు కప్పుల కాఫీకి కూర్చోవాలి, తలూపడానికి నా దగ్గర ఏముంది, అని. ఎనిమిదేళ్ళుగా నాకు తెలిసిన పని ఒక బల్ల మీంచి ఇంకో బల్ల దాకా. ఆ సంగతి చెప్పి, అయినా సరే అనో, అందుకని వద్దు అనో అనాలి.

"ఆ గడ్డి పేరేంటి?" అన్నాను.

చూసింది. "అది గడ్డి కాదండీ, తుంగ," అంది.

బాలమ్మకు యాభై దాటి ఉంటాయి. విమలను చూడగానే చేతిలో చేట కింద పెట్టి, "అచ్చినవా బిడ్డా!" అని రెండు చెంపలూ పట్టుకుంది. నన్ను అల్లుడా అంటుంది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పుంటికూరంటే మా గోంగూరే. మా వైపు దాన్ని నూనెలో ఈదిస్తాం, ఇక్కడ పచ్చిమిరపకాయలతో నూరి వదిలేస్తారు. కళ్ళనీళ్ళు రెండు చోట్లా ఒకటే.

"దూరం పోతవంట. ఏ ఊరికి?"

"రెండున్నాయి బాలమ్మా. ఇంకా తేలలేదు."

"ఆడ జొన్నలుంటయా?"

"రెండుచోట్లా ఉంటాయి. అసలు జొన్న పుట్టిందే ఆ దేశాల వైపు."

"మనదాని పుట్టిల్లేనా? ఇగ ఫికరేంది, యాడికైనా పో!" అంది బాలమ్మ. రెండు దేశాల గురించి రెండు రోజులు విచారించి మేం తేల్చలేనిది రొట్టె తిరగేస్తూ తేల్చేసింది. పొయ్యి ఆర్పి లేచింది. వాళ్ళిద్దరూ కలిసి గడ్డి పీకడానికి రాళ్ళ వెనక్కి వెళ్ళారు. గంటకు పైనే పట్టింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

తిరిగొచ్చి మొక్కలు కట్టే పని మొదలుపెట్టారు. దీనికొక పద్ధతి ఉంది. రెండు చెక్క చట్రాలు, మధ్యలో పాత దినపత్రికలు. ఒక్కో కాగితం మడతలో ఒక్కో మొక్కను వేళ్ళతో సహా పరుస్తారు. మీద రెండో చట్రం పెట్టి రెండు తోలు పటకాలతో బిగిస్తారు. గట్టిగా బిగించకపోతే ఆకులు ముడుచుకుని బూజు పడతాయి, చేసిందంతా వృథా. అది ఒక మనిషి వల్ల కాదు. ఒకరు చట్రం మీద కూర్చుని బరువు వెయ్యాలి, ఒకరు కింద పటకా లాగాలి. మూడేళ్ళుగా కూర్చునేది బాలమ్మ, లాగేది విమల.

బాలమ్మ కూర్చోబోయి ఆగింది. "మోకాలు గుంజుతుంది. జర నువ్వు కూసో అల్లుడా."

కూర్చున్నాను. కింద గడ్డి కరకరమంది. మూడేళ్ళలో ఎన్నోసార్లు విమల ఈ గోపన్‌పల్లి వచ్చిందని తెలుసు. ఈ పని ఇలా చేస్తారని ఆ రోజే తెలిసింది.

"ఎనిమిదేళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి గవర్నమెంటు తయారుచేసిన బరువిది," అన్నాను. "మొదటిసారి ఒక పనికొచ్చింది."

విమల నా కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పటకా లాగుతోంది. జారిన జడ భుజం మీంచి ముందుకు పడింది. ఇంకో చిల్లు దాకా వస్తే సరిపోతుంది, రావడం లేదు. ఆమె తలెత్తలేదు. నేను ఇంకాస్త బరువు వేశాను. పటకా చివరి చిల్లులో పడింది. అయినా లేవలేదు ఆమె, ఆ కొసను చేత్తో పట్టుకుని అలాగే ఉంది.

బాలమ్మ నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఈడ కూసునుడు పెద్ద ముచ్చట గాదు అల్లుడా," అంది. "ఆడికి పోయి కూసుంటవా, కూసోవా?"